అట్ట చంద్రుడికి భయపడినవాళ్లు

మాదాపూర్‌లో పాత సినిమాల మురికి కడిగే ఆఫీసు ఒకటుంది. అందులో బోరబండ సైమన్‌కి నోరొక్కటే పర్మినెంటు, ఉద్యోగం కాంట్రాక్టు. ఆ రోజు నాలుగు గంటలకల్లా చంద్రలోక యాత్ర మూకీ ఒకటి శుభ్రం చేసిస్తే ఉద్యోగం కూడా పర్మినెంటు చేస్తానన్నాడు మేనేజరు లింగమూర్తి. లింగమూర్తి మాట నీటిమూటని ఆఫీసంతా ఎరుగును. సైమన్ తప్ప.

వందేళ్ల నాటి రీలు. అప్పట్లో దాన్ని ఆడించిన డేరా సినిమా యజమాని ఎవరో తొలి ఆట చూస్తున్న జనాన్నే ఫిల్ము తీసి చివర అతికించాడు. చాపల మీద నలభై మంది, తెరవైపు గుడ్లప్పగించి.

"జర చూడు కెజియా, అట్ట చంద్రునికి ఎట్ల వణుకుతున్నరో. గొర్రెల మంద."

పక్క సీటు కెజియా టీకి లేచింది. "మొన్న లిఫ్టు రెండు నిమిషాలు ఆగితే ప్రభువా అని అరిచిందెవరన్నా?"

సైమన్‌కి ఆ మాట వినబడలేదు. తనకి గిట్టని మాటలు వినబడే చెవులు కావవి.

కిటికీలకు నల్లగుడ్డలు. పట్టపగలే చీకటి. ఏసీ హోరు. ఎక్కడినుంచో తడిసిన చాప వాసన, కిరసనాయిలు వాసన.

ఆ ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కు ఒకటే సూత్రం. కదిలేది కథ, కదలనిది మురికి. మురికి ఎక్కడున్నా తుడిచేస్తుంది.

ముందు వరసలో ముసలామె కంట్లో ఏదో మరక. సైమన్ దాన్ని పెద్దది చేశాడు. కంట్లో చంద్రుడు కనబడాలి. లేడు. నల్లగుడ్డల గది ఉంది. కుర్చీలో మెడకు ఐడీ కార్డు తగిలించుకున్న మనిషి ఉన్నాడు.

సైమన్ చెయ్యి ఊపాడు. కంట్లోని మనిషీ ఊపాడు.

పక్కవాడి కంట్లోనూ అదే. నలభై మంది కళ్లలోనూ అదే. వాళ్లు చూస్తున్నది చంద్రుణ్ణి కాదు... తనని. కాదు... తన భుజం మీదుగా, వెనక్కి.

ఆ కుర్చీ వెనక నల్లగా ఏదో కదులుతోంది.

సైమన్ వెనక్కి తిరిగాడు. గుడ్డ తప్ప ఏమీ లేదు. మళ్లీ తెర చూశాడు. అది ఇంకో అడుగు దగ్గరికొచ్చింది. జనం చేతులు చాపి అరుస్తున్నారు. మూకీ. ఒక్క మాటా వినబడదు.

వాసన మెడ మీదికొచ్చింది.

సైమన్‌కి చేతనైన పని ఒక్కటే. ఆ కంటి చుట్టూ గీత గీసి, 'మురికి తుడుపు' నొక్కాడు. నొక్కి, భయంతో బిగుసుకుపోయి కూర్చున్నాడు.

వెనకున్నది కదులుతూనే ఉంది.

కదలనిది... తనే.

నాలుగింటికి కెజియా, లింగమూర్తి వచ్చారు. కుర్చీ మెల్లగా తిరుగుతోంది. సీట్లో ఐడీ కార్డు. తెర మీద ఒక వరస: 'తొలగించిన మురికి: ఒకటి.'

"పర్మినెంటు అనంగనే ఏడికి పోయిండే వీడు?" అన్నాడు లింగమూర్తి, కుర్చీలో కూలబడి.

రీలు ఆడుతోంది. చాపల మీద జనం కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు. ముసలామె ఒక్కతే నవ్వడం లేదు. కెజియా భుజం మీదుగా వెనక్కి చూస్తూ, మెల్లగా నోరు తెరుస్తోంది.

తడిసిన చాప వాసన. కెజియా కాళ్లు బిగుసుకుపోయాయి.

"ఆ ముసలామె కంట్లో ఇంకో మరక మిగిలింది చూసినవా?" లింగమూర్తి మౌస్ అందుకున్నాడు. "ఆగు, తుడిచేస్త."