లైనిళ్ళ చివరి గది చప్పుడు

నెల్లిమర్ల జూట్ మిల్లు వెనకాల, చంపావతి వైపు పోయే దారిలో, ఒకే కప్పు కింద ఎనిమిది గదుల లైనిళ్ళు ఉండేవట. రాత్రివేళ ఏడు గదుల ముందు నుంచీ జనం నడిచేవారు. ఎనిమిదో గది దగ్గరికి వచ్చేసరికి మాత్రం దారి వదిలేసి, తుమ్మచెట్ల మధ్య నుంచి చుట్టూ తిరిగి పోయేవారు... కాళ్ళకి ముళ్ళు దిగినా సరే.

ఆ గదిలో ఒక ఆడమనిషి పురిట్లో పోయింది. ఆ తర్వాత రెండేళ్ళు దాని తాళం తియ్యలేదు. తీశాక మొదలైంది చప్పుడు.

అరవై ఎనిమిదిలో, వానాకాలం. షిఫ్టు దిగి వస్తున్న కొండబాబు మొదట విన్నాడంటారు. చినుకులు పడుతున్నాయి. చేతిలో ఖాళీ క్యారియరు. చివరి గది కిటికీ పక్కకి వచ్చాడు...

కర్ర్ర్...

ఎండిన ఎముకని ఎవరో దవడ కింద పెట్టుకుని, తొందర లేకుండా, నములుతున్నట్టు.

అతను ఆగాడు. చప్పుడూ ఆగింది. అడుగు వేశాడు...

కర్ర్ర్...

క్యారియరు అక్కడే పడేసి పరుగెత్తాడు. మర్నాడు పట్టపగలు కూడా దానికోసం రాలేదు.

నెల తిరిగేసరికి దానికి ఎముకల గది అని పేరు పడిపోయింది. రాత్రి గస్తీ కానిస్టేబులు ఆరో గది దాకా వచ్చి, అక్కడే ఒకసారి విజిలేసి, వెనక్కి తిరిగిపోయేవాడు.

ఇంతకీ ఆ గదిలో మనుషులున్నారు. సోములు, అతని పెళ్ళాం దాలమ్మ. సోములుకి మిల్లులో నైటు షిఫ్టు. చీకటి పడ్డాక వెళ్ళి తెల్లారి వచ్చేవాడు. కాబట్టి రాత్రి ఆ గదిలో ఏం వినిపిస్తుందో ఊరందరికీ తెలుసు, అతనికి తప్ప.

చెప్పింది నరసింగరావు మేస్త్రి. లైనిళ్ళలో ఎవరుండాలో, ఎవరు ఖాళీ చెయ్యాలో ఆయన మాటే. పొద్దున్నే పంపు దగ్గర సోములు భుజం మీద చెయ్యేశాడు.

"ఒరే సోములూ... మీ ఆడదానికి అది పట్టీసినాదిరా."

"ఏటది?"

మేస్త్రి చివరి గది వైపు చూశాడు గానీ పేరెత్తలేదు.

సోములుకి ఒళ్ళు మండిపోయింది. ఆ రాత్రి కడుపునొప్పని చెప్పి మధ్యలోనే మిల్లులోంచి బయటపడ్డాడు. సొంత గుమ్మం ముందు, దొంగలా, చెవి తలుపుకి ఆనించి నిలబడ్డాడు.

ఏమీ లేదు. నీటిచుక్కలు చూరు నుంచి పడుతున్నాయి. లోపల దాలమ్మ ఊపిరి వినిపిస్తోంది. అంతా అబద్ధమే అనుకున్నాడు. తలుపు తొయ్యబోయాడు...

కర్ర్ర్...

ఒక్క క్షణం పారిపోదామనిపించింది. ఆ మాట తర్వాత తనే ఒప్పుకున్నాడు. కానీ లోపలున్నది దాలమ్మ. తలుపు నెట్టాడు.

బుడ్డి దీపం సన్నగా వెలుగుతోంది. దాలమ్మ చాప మీద వెల్లకిలా పడుకుని ఉంది. కళ్ళు మూతలు పడి ఉన్నాయి. పెదాలు కలిసే ఉన్నాయి. బుగ్గ కింద మాత్రం ఏదో కదులుతోంది... ఉబ్బుతోంది, తగ్గుతోంది... చప్పుడు అక్కడి నుంచే.

"దాలమ్మా! ఒసే దాలమ్మా!"

ఉలిక్కిపడి లేచింది. "ఏటి మావా, ఏలకాని ఏల వచ్చీసినావు?" అంటూనే రెండు చేతులతో దవడలు పట్టుకుంది. "అబ్బ... రోజూ ఇదే నొప్పి."

అప్పుడు అడిగాడు. అప్పుడు చెప్పింది.

"నువ్వెల్లిపోగానే బయమేస్తాది మావా. ఆ సచ్చిపోయిన మనిసి ఈ సాప మీదే నా పక్కన పడుకున్నట్టుంటాది. ఊపిరి బిగబట్టీసి, పళ్ళు బిగబట్టీసి పడుకుంటాను. ఎప్పుడు నిద్దరోతానో నాకే తెల్దు."

దెయ్యమూ లేదు, ఎముకా లేదు. ఇది పళ్ళు కొరుకుడు. సోములుకి నవ్వొచ్చినంత పనైంది. పక్క గది గోడ అవతల జగ్గమ్మ దగ్గకపోయుంటే నవ్వేవాడే. ఆవిడ మేలుకునే ఉంది. అంతా వింది. విన్నది వేరేగా చెప్పింది... నడిరాత్రి మొగుడు పేరు పెట్టి పిలిచేదాకా దెయ్యం వదల్లేదని.

రెండో రోజు సాయంత్రం, మేస్త్రి పిలిపిస్తే, ఎజ్జోడు ఎల్లాజీ వచ్చాడు. చుట్టుపక్కల ఊళ్ళలో దెయ్యాలు దింపేవాడు. చూరు కింద కూర్చుని, చుట్ట కాల్చి, నెమ్మదిగా చెప్పాడు.

"వచ్చే అమాస రేతిరికి కూకుందాం. సప్పుడు వచ్చినాదా... ముందర నాలుగు పళ్ళూ తీసీడమే. కొరకడానికేటీ నేకపోతే అదే ఎల్లిపోతాది."

పళ్ళు పీకే పట్టకారు అతని సంచిలోనే ఉంది. దాలమ్మ తలుపు చాటు నుంచి చూసింది.

పుట్టింటికి పంపుదామని సోములు ఆమె అన్నకి కబురు పెట్టాడు. ఆ అన్న, ఆ దెయ్యం వెంట వస్తుందేమోనని భయపడి, వద్దని తిప్పి కబురంపాడు. అమావాస్యకి పద్దెనిమిది రోజులుంది.

విజయనగరంలో పళ్ళ డాక్టరు జ్ఞానానందం గారని ఒకాయన ఉండేవాడు. ఆయన దాలమ్మ నోట్లోకి చిన్న అద్దం పెట్టి చాలాసేపు చూశాడు. సోముల్ని కూడా పిలిచి చూపించాడు. దవడ పళ్ళ మీద ఎత్తుపల్లాలే లేవు, గచ్చు చేసినట్టు చదునుగా అరిగిపోయాయి.

"దెయ్యం కాదయ్యా. పగలు మింగిన భయాన్ని ఈవిడ రాత్రి నముల్తోంది," అన్నాడాయన. "దీనికి మందు లేదు. పళ్ళకి తొడుగు వెయ్యాలి. పడుకునేటప్పుడు పెట్టుకుంటే పన్నూ పన్నూ రాసుకోదు, చప్పుడు రాదు."

రెండు రకాలున్నాయన్నాడు. ఒకటి రబ్బరుది. మెత్తగా ఉంటుంది, తొందరగా అలవాటవుతుంది. రెండోది కట్టుడు పళ్ళ చిగురు చేసే సరుకుతో చేసేది. గట్టిది. నోరు ఒప్పుకోడానికి రోజులు పడుతుంది. మీ ఇష్టం, అన్నాడు.

రోజులే లేవు మరి. రబ్బరుదే చాలన్నారు.

ఆమె మైనం ముద్ద కొరికి అచ్చు ఇచ్చింది. నాలుగో రోజుకి తొడుగు చేతికొచ్చింది. మొదటి మూడు రాత్రులు చప్పుడు లేదు. సోములు షిఫ్టులో ఉన్నా ప్రాణం ఇంటి దగ్గరే ఉండేది. పొద్దున్నే పరుగున వచ్చి ముందు జగ్గమ్మ మొహం చూసేవాడు. ఆవిడ మొహం చిన్నబోయి ఉంటే, హమ్మయ్య అనుకునేవాడు.

అయిదో రాత్రి రబ్బరు కీచుమంది. నోరు దాన్ని తిండిలా నమలడం మొదలుపెట్టింది. ఎనిమిదో రోజు పొద్దున్న దాలమ్మ అరచేతిలో రెండు ముక్కలు ఉమ్మి చూపించింది.

ఇంకా ఆరు రోజులు.

జ్ఞానానందం గారు విషయమంతా విని, మిగతా పనులు పక్కన పెట్టి, ఒక్కరోజులో గట్టి తొడుగు చేసిచ్చాడు. "పగలే మొదలుపెట్టమ్మా. ముందు పొయ్యి మీద ఎసరు మరిగేదాకా. తర్వాత అన్నం ఉడికేదాకా. నోటికి అది కొత్త చుట్టం. ఒక్కసారి తెచ్చి పడుకోబెడితే ఊరుకోదు."

ఊరుకోలేదు. పెట్టుకోగానే డోకు. చొంగ గడ్డం మీదుగా కారేది. మాట ముద్దయిపోయేది. రెండో రోజు జగ్గమ్మ నిప్పుకోసం వచ్చి, దాలమ్మ నోట్లోంచి గులాబీ రంగు పళ్ళ వరస ఒకటి తీసి నీళ్ళగ్లాసులో వెయ్యడం చూసింది. నిప్పు తీసుకోలేదు. కేక పెట్టి పోయింది.

"ఓలమ్మో! సచ్చినోల్ల పళ్ళు! గలాసులో ఎట్టుకున్నాది!"

ఆ సాయంత్రం నుంచి లైనులో పిల్లలు కూడా ఎనిమిదో గది ముందు ఆడలేదు.

సోములు మిల్లుకి సెలవు పెట్టేశాడు. రాత్రంతా ఆమె పక్కన కూర్చునేవాడు. నిద్రలో ఆమె చెయ్యి తనకి తెలియకుండానే నోటికి పోయేది, తొడుగు లాగి చీకట్లోకి విసిరేసేది. అతను నేల మీద తడుముకుని, కడిగి, మళ్ళీ పెట్టేవాడు. ఒక రాత్రి నాలుగుసార్లు. ఇంక రెండే రాత్రులు మిగిలినప్పుడు తువ్వాలు తీసుకుని వచ్చాడు.

"దవడకి కట్టీస్తాను. ఊడదు."

దాలమ్మ గోడకి అంటుకుపోయింది.

"వద్దు మావా. సచ్చిపోయినోల్లకి కడతారలాగ. నా పళ్ళు పీకీసినా సరే... అలాగ కట్టకు."

తువ్వాలు కింద పడేసి అతను ఏడ్చాడు. పెళ్ళయ్యాక ఆమె ముందు ఏడవడం అదే మొదలు. దాలమ్మ తొడుగు తనే తీసుకుని, తనే పెట్టుకుని, చేతులు రెండూ వీపు కింద వేసుకుని పడుకుంది. ఆ రాత్రి రెండుసార్లే ఊడింది. మర్నాటి రాత్రి ఒక్కసారి.

ఆ పైన అమావాస్య.

వాకిట్లో లాంతరు పెట్టారు. నరసింగరావు మేస్త్రి, ఎల్లాజీ, జగ్గమ్మ... ముగ్గురూ చూరు కింద కూర్చున్నారు. పొద్దుటి మిల్లు కూత దాకా చప్పుడు రాకపోతే ఇక ఆ మాటే ఎత్తకూడదు. వస్తే మాత్రం ఎవరూ అడ్డుపడకూడదు. అదీ ఒప్పందం. తలుపు బార్లా తీసి ఉంచారు. ఎల్లాజీ సంచి విప్పి పట్టకారు గుడ్డ మీద పెట్టాడు. లాంతరు వెలుగులో అది మెరుస్తోంది.

దాలమ్మ తొడుగు పెట్టుకుని పడుకుంది. సోములు ఆమె తల దగ్గర గోడకి చేరగిలబడ్డాడు. సరిగ్గా నిద్రపోయి నాలుగైదు రోజులైంది.

తుమ్మచెట్లలో కీచురాళ్ళు అరుస్తున్నాయి. దూరంగా మిల్లు హోరు.

రాత్రి సగం గడిచాక ఆమె బుగ్గ ఉబ్బింది. సోములు ముందుకి వంగాడు. ఉబ్బింది... తగ్గింది... మళ్ళీ ఉబ్బింది. దవడ ఆడుతోంది గానీ చప్పుడు లేదు. తొడుగు కాస్తోంది. ఆమె చెయ్యి కదిలితే పట్టుకోవాలని సిద్ధంగా ఉన్నాడు. చెయ్యి కదల్లేదు.

ఇంకొక్క గడియ... ఇంకొక్క గడియ... తెల్లారిపోతుంది...

కర్ర్ర్...

అయిపోయింది అనుకున్నాడు. లేవాలి, గుమ్మానికి అడ్డంగా నిలబడాలి, కానీ కాళ్ళు రావడం లేదు. ఎల్లాజీ లేచిన చప్పుడు. లాంతరు లోపలికి వస్తున్న వెలుగు. కర్ర్ర్... మళ్ళీ. ఇంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. తల లోపలే అరుస్తున్నట్టుంది. "దాలమ్మా, ఆపే... ఆపీవే..." అని అరవబోయాడు. నోరు పెగల్లేదు. పళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

ఎవరో బుగ్గ మీద చెయ్యి వేశారు.

కళ్ళు తెరిచాడు.

లాంతరు అతని మొహం మీద ఉంది. నలుగురూ అతన్నే చూస్తున్నారు. చెయ్యి దాలమ్మది. ఆమె పూర్తిగా మేలుకుని, లేచి కూర్చుని ఉంది. అతని దవడ భగ్గుమని నొప్పెట్టింది.

ముందుగా మేస్త్రి నవ్వాడు.

"ఒరే, నువ్వేట్రా కొరికింది! ఇన్నాల్లూ నీదేనేటి ఈ సప్పుడు?"

సోములు తల ఊపాడు. అవును అన్నాడు. రాత్రుళ్ళు తను మిల్లులో ఉన్న సంగతి అక్కడ ఎవరికీ గుర్తురాలేదు. గుర్తొచ్చినవాళ్ళు చెప్పలేదు.

ఎల్లాజీ పట్టకారు గుడ్డలో చుట్టేశాడు. "మగోడికి దెయ్యమేటి? కడుపులో పురుగులుంటాయి. ఆముదం తాగు, తగ్గిపోతాది."

"పాపం, నైటు డూటీలు మరి," అంది జగ్గమ్మ. ఆవిడ గొంతు ఎంత మెత్తగా ఉందో!

ముగ్గురూ లాంతరు పట్టుకుని మామూలు దారినే వెళ్ళిపోయారు. గదిలో చీకటి. గండం గడిచింది. సోములు చేతులు చాచి దాలమ్మని దగ్గరికి తీసుకోబోయాడు. ఆమె రాలేదు. నోట్లోంచి తొడుగు తీసి, కొంగుతో తుడిచి, ఒళ్ళో పెట్టుకుంది.

"మావా," అంది నెమ్మదిగా. "నాను కొరికితే దెయ్యం... నువ్వు కొరికితే పురుగులా?"