మొదటి రొట్టె

పెంక మీది జొన్నరొట్టెపై తడిగుడ్డ తిప్పగానే సుయ్‌మని ఆవిరి లేచింది. హనుమమ్మ రొట్టెను తిరగేసి, అంచులు నొక్కి, దించి పళ్లెంలో వేసింది. ఆ పళ్లేన్ని ఎప్పటిలాగే గల్లాపెట్టె పక్కన పెట్టింది.

కొత్తకోటలో హైవే పక్కన ఉన్న ఆ చిన్న కొట్టులో మొదటి రొట్టె అమ్మరు. అది జానమ్మది. బస్టాండు ఊడ్చే పని ముగించుకుని, చీపురు బయట గోడకు ఆనించి, వచ్చి తిని వెళుతుంది. బాలనర్సమ్మ బతికి ఉన్నప్పటి నుంచీ అంతే. బాలనర్సమ్మ పోయి ఏడాది కావస్తున్నా, కూతురు ప్రవళిక ఆ అలవాటు తప్పనివ్వలేదు.

కొద్ది రోజులుగా మాత్రం రొట్టె పళ్లెంలోనే ఉండిపోతోంది.

"ఇయ్యాల గూడ రాలె," అన్నాడు వెంకటయ్య, కూతురి వైపు చూడకుండా.

"పానం బాగలేదేమో నాయినా." ప్రవళిక కవర్లకు స్టిక్కర్లు అంటిస్తోంది.

"పానం మంచిగనే ఉన్నది. ఊడుస్తాంటె చూసిన. పిలిస్తే చెయ్యెత్తింది. అటే పోయింది."

"నా రొట్టె నచ్చుతలేదేమో," అంది హనుమమ్మ. ఆమె వెంకటయ్య చెల్లెలు. వదిన పోయాక పొయ్యి దగ్గర కూర్చున్నది. "మా వదిన చేతిది తిన్న నోరాయె. నాది తింటే ఉన్న రెండు పండ్లు ఊడుతయని భయం."

ఎవరూ నవ్వలేదు. హనుమమ్మే కొంచెం నవ్వి, మళ్లీ పిండిలో వేడినీళ్లు పోసుకుంది.

ప్రవళిక హైదరాబాద్‌లో ప్రకటనలు తయారుచేసే కంపెనీలో పనిచేసేది. తల్లికి జబ్బు చేసినప్పుడు సెలవు పెట్టి వచ్చింది. తల్లి పోయాక తిరిగి వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పేది. రోడ్డు పొడుగునా పెద్ద దాబాలు వచ్చి గిరాకీ తగ్గింది. అందుకని రొట్టెలను పెంక మీదే కరకరలాడేట్టు ఎండించి, కవర్లలో పెట్టి అమ్మడం మొదలుపెట్టింది.

హైదరాబాద్‌లో ఇలాంటి సరుకులు అమ్మే దుకాణాలకు కొనుగోళ్లు చూసే హరిత, రొట్టె రుచి చూసి మెచ్చుకుంది. "కానీ రొట్టెలు చాలామంది చేస్తారు ప్రవళికా," అంది ఫోనులో. "మీరు ఎందుకు చేస్తున్నారు? మీ వ్యాపారం వల్ల ఎవరికి మంచి జరుగుతోంది? కవరు చూడగానే అది తెలియాలి."

ఆ ప్రశ్న ప్రవళికను వదల్లేదు. దానికి జవాబు గల్లాపెట్టె పక్కన పళ్లెంలో దొరికిందనుకుంది. సరుకుకు 'మొదటి రొట్టె' అని పేరు పెట్టింది. కొట్టు మెట్టు మీద కూర్చుని, తల వంచుకుని రొట్టె తింటున్న జానమ్మ ఫొటో స్టిక్కరు మీద వేయించింది. కింద ఒక్క వాక్యం: మా మొదటి రొట్టె ఆకలితో ఉన్నవారికి. "ఒక ఫొటో తీస్త అవ్వా, కొట్టు కోసం," అని అడిగితే, "తియ్యి బిడ్డా," అన్నది జానమ్మ. అంతకుమించి ఆమెకు ఏమీ చెప్పలేదు.

హరితకు అది ఎంతో నచ్చింది. వ్యాపారం చేస్తూ సమాజానికి మేలు చేసేవాళ్ల సభ ఒకటి ఆదివారం ఉంది, అక్కడ మాట్లాడమంది. అది అయ్యాక ఆర్డరు ఖాయం చేద్దామంది. స్టిక్కర్లు వచ్చిన రోజు ప్రవళిక ఒకటి చేతిలో పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. అమ్మ పేరు ఇక పోదు అనుకుంది.

మధ్యాహ్నం వెంకటయ్య బస్టాండు వైపు వెళ్లి వచ్చాడు. చేతిలో ఒక రొట్టెల కవరు ఉంది. దాన్ని కూతురి ముందు పెట్టాడు.

"సైదులు చాయ్ దుకాన్ల వేలాడుతాంది. నువ్విచ్చినవా?"

"అమ్మనీకి ఇచ్చిన. ఏమైంది?"

"జానమ్మ చాయ్ తాగనీకి పోతె ఇది చూపిచ్చి నవ్విండ్రట. ఆకలమ్మ వచ్చింది, ఒక బన్ను పడెయ్యుండ్రి అని. చాయ్ తాగకుండనే లేచిపోయిందట."

ప్రవళిక చేతిలోని స్టిక్కరు వేలికి అంటుకుపోయింది. "ఎవడో నవ్వితే నేనేం చెయ్యాలె? నేను నవ్వనీకి పెట్టిన్నా? అమ్మ చేసిన మంచి నలుగురికి తెల్వాలని పెట్టిన."

"మీ అమ్మ మంచి చేసిందని నీకెవరు చెప్పిండ్రు?"

"ఇన్నేండ్లు ఆమెకు రొట్టె పెట్టలేదా?"

"పెట్టలే," అన్నాడు వెంకటయ్య. "కలిసి తిన్నది."

హనుమమ్మ చేతులు పిండిలో ఆగిపోయాయి.

"మీ అమ్మకు పొద్దుగాల ఒక్కతి కూసుంటె ముద్ద దిగకపోయేది. జానమ్మ వచ్చేదాంక పచ్చి మంచినీళ్లు ముట్టకపోయేది. వచ్చినంక గా రొట్టె ఇరుసుకొని సగం ఆమె, సగం ఈమె. నువ్వు హాస్టల్ల ఉంటివి, నీకేమెరుక? మీ అమ్మ పోయినంక నువ్వు నిండు రొట్టె పళ్లెంల పెట్టి చేతికిస్తున్నవు. ఆమె ఒక్కతె మెట్టు మీద కూసొని తింటున్నది."

"ఏడాది సంది చూస్తున్నవు గదా! ఒక్క మాట చెప్పొద్దా?" ప్రవళిక గొంతు పెరిగింది. "నువ్వు నోరు మెదపవు. రోడ్డు దిక్కు చూసుకుంట కూసుంటవు. అన్నీ నేనే ఆలోచించాలె. మీరెందుకు చేస్తున్నరు అని గా హరిత అడిగింది. నా తాన జవాబు లేకుండె నాయినా. ఈడ ఎందుకున్ననో నాకే తెల్వది. గందుకే గా పళ్లెం పట్టుకున్న."

వెంకటయ్య తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు.

"ఎట్ల చెప్పాలె బిడ్డా," అన్నాడు చివరికి. "గా సగం ముక్క యాదికొస్తే నాకు మాట పెగలదు."

సాయంత్రం ప్రవళిక పళ్లెంలోని రొట్టెను గుడ్డలో చుట్టుకుని బయలుదేరింది. చర్చి వెనక సందులో జానమ్మ ఇల్లు. ఆమె వాకిట్లో కూర్చుని చీపురుకట్ట బిగిస్తోంది. ప్రవళికను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది.

"తప్పయింది అవ్వా."

"ఫొటో మంచిగనే తీసినవ్ పిల్లా. ముక్కు జర వంకర పడ్డది." జానమ్మ చీపురు పక్కన పెట్టింది. "మా మనుమరాలు చదివి చెప్పింది, కింద ఏం రాసినవో. రెండుసార్లు చదివిచ్చుకున్న."

ప్రవళిక రొట్టె చుట్టిన గుడ్డను ఒళ్లో పెట్టుకుంది.

"మొదటిసారి నేను మీ వాకిట్లకు వచ్చిననాడు," అంది జానమ్మ నెమ్మదిగా, "మాకు ఎవరేమిచ్చినా పైకెల్లి చేతుల్ల వేసేటోళ్లు. చెయ్యి తగలకుండ. మీ అమ్మ రొట్టె చేతిల పెట్టింది. సరే, పెట్టింది అనుకున్న. మళ్ల నా చేతిలకెల్లే సగం ఇరుసుకొని నోట్ల పెట్టుకున్నది. ఏందమ్మా అంటె, నాకు గూడ ఆకలైతాంది, జరుగు, కూసోనియ్యి అన్నది."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఆనాడు నాకు ఆకలి లేకుండె బిడ్డా. ఇంట్ల గట్క తినే వచ్చిన. ఎన్నడు గూడ ఆకలికి రాలె."

"మరి అమ్మ పోయినంక?"

"నువ్వు పళ్లెం ఇస్తివి. వద్దంటె నీ మనసు నొస్తదని తిన్న. తల్లి లేని పిల్లవైతివి."

ప్రవళిక గుడ్డ విప్పి రొట్టెను జానమ్మ చేతిలో పెట్టింది. ఆ తర్వాత చేయి చాచి, ఆమె చేతిలోంచే సగం విరిచింది. పొద్దుటి రొట్టె, గట్టిపడి చిటుక్కుమని విరిగింది. నోట్లో పెట్టుకుంది. గొంతులో అడ్డుపడింది. అమ్మ పోయిన రోజు నుంచి గొంతులో ఉన్నదేదో దానితోపాటు కదిలి, కళ్లలోంచి వచ్చేసింది.

జానమ్మ నీళ్ల చెంబు అందించింది. "నమిలి తిను. మీ అమ్మ గూడ గిట్లనే గబగబ మింగేది."

మర్నాడు పొద్దున్నే హరితకు ఫోను చేసింది. ఆ ఫొటో, ఆ మాట తీసేస్తున్నానని చెప్పింది.

"ఎందుకు? అది కల్పించింది కాదు కదా?"

"కాదు. కానీ అది మంచి చేయడం కాదండీ. ఇద్దరు కలిసి తినడం. కవరు మీద వేసేది కాదు."

"మరి మీ ఉద్దేశం ఏమిటని చెప్తారు ఆదివారం?"

"జొన్నరొట్టె బాగా చేయడం. ఇప్పటికి నా దగ్గర అంతే ఉంది."

"అది సరిపోకపోవచ్చు ప్రవళికా."

"తెలుసండీ."

ఆర్డరు సంగతి చూసి చెబుతానంది హరిత. ప్రవళిక ఫోను పక్కన పెట్టి, సైదులు దగ్గర్నుంచి తిరిగి తెచ్చిన కవర్లను ముందేసుకుంది. స్టిక్కరు గోటితో లేపుతుంటే సగం చిరిగి సగం మిగులుతోంది. వెంకటయ్య లేచి వచ్చి ఎదురుగా కూర్చుని, తడిగుడ్డతో ఒక్కొక్కటి తుడవసాగాడు.

"మొదటిది దించిన," అంది హనుమమ్మ పొయ్యి దగ్గర్నుంచి.

బయట చీపురు గోడకు ఆనిన చప్పుడైంది. జానమ్మ మెట్టు మీద కాక, లోపలికి వచ్చి బల్ల చివర కూర్చుంది. వేడి రొట్టెను ఊదుకుంటూ విరిచి, సగం ప్రవళికకు ఇచ్చింది. ప్రవళిక ఆ సగంలో కొంత తుంచి తండ్రి ముందు పట్టింది.

"నాకు పొద్దుగాల అలవాటు లేదు," అన్నాడు వెంకటయ్య.

"నాకు గూడ లేకుండె నాయినా."

ఆయన తడి చేతులు పంచెకు తుడుచుకుని, ముక్క అందుకున్నాడు. నోట్లో పెట్టుకుని, రోడ్డు వైపు తిరగబోయి ఆగి, కూతురి వైపే చూస్తూ నమిలాడు.

"చేసినదాన్ని నేనున్న," అంది హనుమమ్మ. "నాకెవరన్న ఇరుస్తరా లేదా?"

ఈసారి ముందుగా నవ్వింది జానమ్మ.