గాదిలింగప్ప పెండ్లాం

కానిస్టేబుల్ గాదిలింగప్ప డ్యూటీకి పోయేందుకు కాళ్లకు ఖాకీ గుడ్డపట్టీలు చుట్టుకుంటున్నాడు. భార్య హొన్నూరమ్మ పొయ్యి ముందు జొన్నరొట్టె తడుతోంది. తల్లి హంపమ్మ గోడకు ఆనుకుని వక్క నములుతోంది.

"ఈ పొద్దు యాడికీ పోవద్దు," అన్నాడు గాదిలింగప్ప.

"నాట్లకు పోతాండా."

"నాట్లు ఆపేసి మూడు నాళ్లాయె. ఎవురికి చెప్తావు?"

ఆమె రొట్టె తిప్పింది. "నిన్న పక్కింటి హనుమమ్మ చెయ్యి ఇరిగినాది. ఎవురి లాఠీనో తెలీదంట."

"నాది గాదు."

"నేనడగలేదు."

అది 1951. దేశంలో మొదటి ఎన్నికలు రాబోతున్నాయి. ఓటర్ల జాబితా కోసం సిరుగుప్ప తాలూకాలో కరణాలు ఇల్లిల్లూ తిరిగారు. గడపలో నిలబడిన మగవాళ్లు ఏది చెబితే అది రాసుకున్నారు. సోమప్ప పెండ్లాం. హంపయ్య తల్లి. సొంత పేరు లేనివాళ్లను కొట్టేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కొట్టేశారు. ఆడవాళ్లు నాట్లు ఆపి తాలూకాఫీసు ముందు కూర్చున్నారు. మొదటిరోజు పోలీసులు నెట్టారు. మర్నాడు కొట్టారు. ఇక గుంపు కూడరాదని దండోరా వేశారు.

"పోలీసోళ్ల ఇంట్లోంచి ఎవురన్నా వస్తే బెల్టు ఊడినట్టేనని ఇన్స్పెక్టర్ చెప్పినాడు. ఉద్యోగం పోతే ఏం తింటాం? ఒక్క ఓటుకు ఇంత రచ్చా?"

"రెడ్డికీ ఒకటే ఓటంట, నాకూ ఒకటే అంట. రెడ్డితో సమానంగా నాకు ఇంకేమన్నా ఉండాదా, చెప్పు."

అతను పట్టీ ముడి బిగించాడు. హంపమ్మ అందుకుంది. "లేయ్, కరణం అడిగినప్పుడు దీని పేరు చెప్పింటే ఏం పోయేది?"

"పరాయి మగోడికి ఇంటి ఆడోళ్ల పేర్లు ఎట్ల చెప్తారమ్మా?"

"అందుకే నేను నీ తల్లి, ఇది నీ పెండ్లాం. ఓటు మటుకు నీకొక్కనికే."

గాదిలింగప్ప లాఠీ తీసుకుని వెళ్లిపోయాడు. రొట్టె తినలేదు.

మధ్యాహ్నం తాలూకాఫీసు కిటికీకి ఒక రాయి తగిలింది. ఎవరు విసిరారో ఎవరూ చూడలేదు. ఇన్స్పెక్టర్ ఈల వేశాడు. ఆడవాళ్లు ఒకరి కొంగు ఒకరు పట్టుకుని కూర్చున్నచోటే ఉన్నారు. గాదిలింగప్ప లాఠీ ఎత్తాడు. ఎదురుగా ఉన్న వీపు ఎవరిదో చీరను బట్టి తెలిసింది. అతని చెయ్యి ఆగింది. పక్కవాడి లాఠీ ఆ వీపు మీద పడింది.

పట్టుకున్నవాళ్లను స్టేషను వసారాలో కూర్చోబెట్టారు. రైటరు ఒక్కొక్కరి పేరూ, భర్త పేరూ అడిగాడు. మొగుడి పేరు పలికితే అతని ఆయుష్షు తగ్గుతుందని వాళ్ల నమ్మకం. ఒకరి మొగుడి పేరు మరొకరు చెప్పారు.

"దీని మొగుడు హనుమప్ప సార్."

"దానోడు నారప్ప. తాగుబోతు, అదీ రాసుకో."

పోలీసులు కూడా నవ్వారు. హొన్నూరమ్మ వంతు వచ్చింది. తన పేరు చెప్పి ఆగింది. ఆమె మొగుడి పేరు అక్కడి ఆడవాళ్లందరికీ తెలుసు. అతను తలుపు దగ్గర కాపలా ఉన్నాడు. ఒక్కరూ నోరు విప్పలేదు.

"మొగుడి పేరు చెప్పకుంటే బళ్లారి జైలుకే," అన్నాడు ఇన్స్పెక్టర్.

"పంపు సార్, పోతా."

ఆమె తలుపు వైపు చూడలేదు.

గాదిలింగప్ప వచ్చి లాఠీ బల్ల మీద పెట్టాడు. "హొన్నూరమ్మ నా పెండ్లాం సార్. మొగుడు గాదిలింగప్ప అని రాసుకోండి."

పెళ్లయినప్పటినుంచి అతను 'ఏమే' అనే పిలిచాడు. హొన్నూరమ్మ తలెత్తింది. దెబ్బకు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

ఇన్స్పెక్టర్ అతని బెల్టు విప్పించాడు. ఆడవాళ్లను సాయంత్రం వదిలేశారు. నాట్లు మొదలయ్యాక, భార్య నాటే మళ్లకే గాదిలింగప్ప నారు కట్టలు మోశాడు.

కొన్నాళ్లకు పేర్లు మళ్లీ రాయమని ఉత్తర్వు వచ్చింది. కరణం వచ్చేసరికి గాదిలింగప్ప గడపలో ఉన్నాడు. కరణం అలవాటుగా అతని వైపే చూశాడు.

"నన్నడగొద్దు సామీ." అతను లోపలికి తిరిగాడు. "హొన్నూరమ్మా! అమ్మను తోలుకొని రా. మీ పేర్లు మీరే చెప్పండి."

హంపమ్మ ముందు వచ్చింది. "హంపమ్మ. సరిగ్గా రాయి. మళ్లీ కొట్టేస్తే నీ ఇంటి ముందరే కూచుంటా."

హొన్నూరమ్మ పిండి చేతులతో వచ్చి తన పేరు చెప్పింది.

"మొగుడి పేరు?" అన్నాడు కరణం.

ఆమె మోచేత్తో కళ్లు తుడుచుకుంది. "గడపలో ఉండాడు గదా, అడుగు సామీ. అది మటుకు ఆయప్పే చెప్పల్ల."