ఇంజనీరుగారి సంతృప్తి

నేను ఆమెను మొదటిసారి చూసినప్పుడు ఆమె మర్నాటి అబద్ధాలు టైప్ చేస్తోంది.

పురపాలక కార్యాలయంలో చిన్న ఇంజనీరుగా చేరి అప్పటికి మూడు వారాలు. కౌన్సిల్ సమావేశంలో ఎవరేమన్నారో రాసే సీటు ఆమెది. ఆఫీసంతా ఆమెను మినిట్స్ మేడం అంటారు. నా ఫైలు ఇద్దామని వెళ్తే తలెత్తకుండానే "అక్కడ పెట్టండి" అంది. ఊరికే ఉండలేక కంప్యూటర్ తెరలోకి తొంగిచూశాను. 'సభ్యులు బల్లలు చరిచి హర్షం తెలిపారు' అని ఉంది.

"సమావేశం రేపు కదండీ?"

"అయితే?"

"జరగకముందే ఎలా రాస్తారు?"

ఆమె అప్పుడు తలెత్తి, పాలల్లో పడ్డ ఈగను చూసినట్టు చూసింది. "మా నాన్న ముప్ఫై ఏళ్ళు ఈ సీటులో కూర్చుని ముందురోజే టైప్ చేశారు. ఆయన రిటైరయ్యాక నేను చేస్తున్నాను. ఇన్నేళ్ళలో దిద్దింది ఒక్కసారే. టీ అని రాస్తే ఆ రోజు కాఫీ ఇచ్చారు."

ఏడో అంశం దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. ప్రసూతి ఆసుపత్రి రోడ్డు. 'కొత్త రోడ్డు నాణ్యతపై ఇంజనీరు సంపూర్ణ సంతృప్తి వ్యక్తం చేశారు. కాంట్రాక్టరు బిల్లును సభ ఏకగ్రీవంగా ఆమోదించింది.'

"ఆ ఇంజనీరు నేనే. నేను సంతృప్తి పడలేదండీ. ఆ రోడ్డు ఇంకా చూడనే లేదు."

"రేపు పదకొండింటికల్లా పడండి."

"పడకపోతే?"

"ఆ రోడ్డు వేయడం ఇది నాలుగోసారి. మీకు ముందు ముగ్గురు ఇంజనీర్లు ఇక్కడే నిలబడి ఇలాగే అడిగారు. ముగ్గురి సంతృప్తీ ఆ బీరువాలో భద్రంగా ఉంది. దారి అటు."

అంత తీరిగ్గా నన్నెవరూ తీసిపారేయలేదు. కోపంగా బయటికి వచ్చాను. మెట్లు దిగేసరికి ఆ కోపంలో సగం ఇష్టంగా మారిపోయింది, అదేం ఖర్మో.

ఆ సాయంత్రమే, రోడ్డును గుండ్రంగా కోసి ముక్క తీసే మెషీన్ తీసుకుని ఆసుపత్రి రోడ్డుకు వెళ్ళాను. వెళ్ళేసరికి వాన. మా కాంట్రాక్టర్ల రోడ్లకు వానంటే మహా మర్యాద, చినుకు పడగానే లేచి దారి ఇచ్చేస్తాయి. నేను మెషీన్ బిగిస్తుంటే పక్కన ఎవరో గొడుగు తెరిచారు. చూస్తే మినిట్స్ మేడం. గొడుగు పట్టింది నాకు కాదు, మెషీన్‌కి.

"నేను తడుస్తున్నానండీ."

"మీరు ఆరిపోతారు. అది ఆఫీసు సొమ్ము, పాడైతే మళ్ళీ కొనరు."

"మీరేంటి ఇక్కడ?"

"ఆ పచ్చ గేటు మాదే. పోయినేడు ఈ రోడ్డు గుంటలో పడి మా నాన్న మోకాలు విరగ్గొట్టుకున్నారు. అంతకుముందు ఈ రోడ్డు అద్భుతంగా ఉందని టైప్ చేసిందీ ఆయనే."

నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వు నిలబడలేదు. ఈలోగా ముక్క బయటికి వచ్చింది. బిల్లులో ఐదు సెంటీమీటర్ల మందం. స్కేలు పెట్టి చూస్తే రెండు.

"ఇది రేపు సభలో పెడతాను. మీరు రాస్తారా?"

"మీరు మాట్లాడరు."

"మాట్లాడితే?"

ఆమె గొడుగు కాస్త ఇటు జరిపింది. నా ఎడమ భుజం తడవడం మానింది.

మర్నాడు ఛైర్మన్‌గారు నగర ఆర్థిక పరిస్థితి చదివి వినిపించారు. ఖజానా కళకళలాడుతోందట. సభామందిరంలో ఏసీ చెడిపోయి ఆర్నెల్లయింది, బాగుచేయించే దిక్కు లేదు. అందుకని సభ్యులు బడ్జెట్ పుస్తకాలతో విసురుకుంటూ ఆ కళకళ గురించి విన్నారు. మురుగుకాలువలకు నిధులు వచ్చే ఏడు చూస్తారట. ఊరి మొదట్లో పాలరాతి స్వాగత ద్వారానికి మాత్రం ఈ ఏడే. బల్లలు చరిచారు. గ్యాలరీలో ఇద్దరు విలేకరులు హాయిగా కునుకు తీస్తున్నారు.

ఏడో అంశం రాగానే లేచాను. టిఫిన్ బాక్సులోంచి ముక్క తీసి బల్ల మీద పెట్టాను.

"ఏంటయ్యా అది, బిస్కెట్టా?" అన్నారు ఛైర్మన్.

"రోడ్డు సార్. ఐదు సెంటీమీటర్లకు బిల్లు పెట్టారు. ఉన్నది రెండు. నేను సంతకం పెట్టను."

"వానకి కుంచించుకుపోయి ఉంటుంది," అన్నాడు కాంట్రాక్టరు, ఉతికిన చొక్కా గురించి చెప్పినట్టు. నలుగురు సభ్యులు నిజమేనన్నట్టు తలలూపారు కూడా.

ఛైర్మన్ చెయ్యి విసిరారు. "మేడం, ఏడో అంశం ఆమోదం. కానివ్వండి."

ఆమె ఊఁ అంటే అంతే సంగతులు. బిల్లు వెళ్ళిపోతుంది, నా సంతృప్తి బీరువాలో చేరుతుంది. నేను ఆమె వైపు చూడలేకపోయాను.

ఆమె లేచి నిలబడింది. "రాయలేను సార్. ఇంజనీరుగారు సంతృప్తి పడలేదు."

"నిన్ననే టైప్ చేశావు కదమ్మా!" అని గర్జించారు ఛైర్మన్.

విలేకరులిద్దరికీ ఒకేసారి మెలకువ వచ్చింది.

పేపర్లలో పరువు పోయాక బిల్లు ఆగింది. కాంట్రాక్టరు తన ఖర్చుతో రోడ్డు మళ్ళీ వేశాడు. మా నిజాయితీకి మెచ్చి నన్ను చెత్త యార్డుకు, ఆమెను పాత రికార్డుల గదికి బదిలీ చేశారు. అంతకుమించి ఆ ఆఫీసు నుంచి ఆశించినవాడిది బుద్ధితక్కువ.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం స్కేలు పట్టుకుని పచ్చ గేటు ముందు వంగాను.

"మళ్ళీ రోడ్డు కొలుస్తున్నారా?" గేటు మీద చేతులు ఆనించి అడిగింది.

"రోడ్డు ఒక సాకు. మీరంటే నాకు ఇష్టమండీ. మీ నాన్నగారితో మాట్లాడదామని వచ్చాను."

"చెత్త వాసనతోనా?"

"రెండుసార్లు స్నానం చేశాను."

ఆమె లోపలికి వెళ్ళి, మడిచిన కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. 'అంశం ఒకటి: చెత్త యార్డు ఇంజనీరు అమ్మాయిని అడిగారు. తండ్రి సంపూర్ణ సంతృప్తి వ్యక్తం చేశారు. ఏకగ్రీవంగా ఆమోదం.' తేదీ చూస్తే ఇరవై రోజుల కిందటిది.

"సమావేశం ఇంకా జరగలేదు కదండీ?"

"అయితే?" అంది. ఈసారి మాత్రం ముఖం ఎర్రబడింది.

వరండాలో చేతికర్రతో కూర్చున్న వాళ్ళ నాన్న ఆ కాగితం ఇమ్మన్నారు. కళ్ళజోడు పెట్టుకుని చదివి, నిదానంగా రెండు ముక్కలు చేశారు.

"ముప్ఫై ఏళ్ళు జరగనివన్నీ టైప్ చేసి మోకాలు పోగొట్టుకున్నాను," అన్నారు. "ఇదొక్కటి జరిగాక రాద్దాం. కూర్చో బాబూ. అమ్మాయీ, పెన్ను తెచ్చుకో. ఊఁ, చెప్పు."

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఆమె ఎదురుగా కూర్చుని, నా నోట్లోంచి మాట వచ్చేదాకా ఆగి, అప్పుడు రాసుకుంది.