‘మా గురించి’ పేజీ

తిరుమలరావుకి వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో పెళ్ళయి పదకొండేళ్ళయినా తెలియదు. అలాంటి మనిషి నాలుగు వీడియోలు చూసి, తల్లి ఎండుచేపల వ్యాపారానికి వర్డ్‌ప్రెస్‌లో వెబ్‌సైట్ కట్టేస్తానని కూర్చున్నాడు. వారం రోజులుగా భోజనాల బల్ల మీద లాప్‌టాపే భోంచేస్తోంది. భార్య అరుణశ్రీ, తల్లి అసిరమ్మ కింద కూర్చుని తింటున్నారు.

ఆ ఆదివారం పొద్దున్న "అయిపోయింది" అని ప్రకటించాడు. అసిరమ్మ కళ్ళజోడు తుడుచుకుని మరీ వచ్చింది. చీపురుపల్లిలో ముప్పై ఏళ్ళు నెత్తిన తట్టతో తిరిగి నెత్తళ్ళు, కవళ్ళు లాంటి ఎండుచేపలమ్మి, కొడుకుని విజయనగరం కాలేజీలో లెక్చరర్‌ని చేసిన మనిషి.

"ఏదిరా నా కొట్టు? సూపించు."

తెరనిండా నీలి సముద్రం. 'మా గురించి' అన్నచోట పొట్టి జుట్టు దొరసాని ఒకావిడ పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది.

"ఈవిడెవులురా?"

"థీమ్‌తో పాటు వచ్చిన నమూనా బొమ్మమ్మా. మార్చడం మర్చిపోయాను."

"సేపలు నాను ఎండబెడితే నవ్వీది ఈవిడా? మొన్న కొత్త కోక కట్టించి తీసినావు కదా, ఆ ఫొటో ఎట్టు. కోడలా, కింద ఏటి రాసున్నాదో సదువు."

"మూడు తరాల తీరప్రాంత వ్యాపార కుటుంబం," చదివింది అరుణశ్రీ.

"మూడు తరాలా? మా అయ్యకి వల తప్ప యాపారమెక్కడిదే!"

అరుణశ్రీ నవ్వుతూ మౌస్ అందుకుంది. "ఉండత్తా, ఫొటో నాను పెడతాను."

"నువ్వుండు, నేను చూస్తాను." తిరుమలరావు గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. మర్చిపోయినవాడు అలా చెయ్యి అడ్డం పెట్టడు. ఆమె ఆ చెయ్యి తోసేసి ఎడిట్ తెరిచింది. పక్కన 'రివిజన్స్' అని ఉంది. ఈ సాఫ్ట్‌వేర్ అచ్చం ఆడపడుచు లాంటిది. మనం చెరిపేశామనుకున్నవన్నీ తారీకులతో సహా దాచిపెట్టుకుంటుంది.

మొదటి ప్రతిలో కొత్త కోకలో అసిరమ్మ. కింద, 'మా అమ్మ తట్ట దించిన చోటే మా కొట్టు.' రెండో ప్రతిలో తట్ట లేదు. మూడోదాన్లో అమ్మ లేదు. నాలుగోదాన్లో దొరసాని.

అరుణశ్రీ నవ్వు ఆగిపోయింది. "ఎందుకు తీసీసినావు బావా?"

"లింకు స్టాఫ్ గ్రూపులో పెట్టాలి కదా... ప్రిన్సిపాల్ గారు కూడా ఉంటారు..."

అసిరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అరుణశ్రీకి.

"సిగ్గేసినాదేట్రా? నువ్వు సదువుకున్నప్పుడు కేరేజీ అట్టుకొచ్చి, నీసుకంపు కొడతానని గేటుకి దూరంగానే నిలబడీదాన్ని. నువ్వు సెప్పలేదు, నాకే తెలిసినాది." ఆమె కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. "ఈ బొమ్మలోంచి వాసన కూడా రాదు కదరా."

తిరుమలరావు కుర్చీలోంచి జారి తల్లి కాళ్ళ దగ్గర చతికిలబడ్డాడు. ఇన్నేళ్ళూ ఇంట్లో కూడా మాట్లాడిన కాలేజీ తెలుగు ఎటుపోయిందో పోయింది.

"మర్చిపోలేదమ్మా. అబద్ధమాడినాను. నీ బొమ్మ నానే తీసీసినాను, సిగ్గుపడి. తప్పు నాదేనమ్మా."