తెల్ల ఫ్లాక్స్‌కి థాంక్స్ చెప్పకూడదు

"థాంక్సండీ!" అన్నాడు కోల్బీ.

దారికి అవతల బకెట్ పట్టుకుని వెళ్తున్న డెల్సీ టక్కున ఆగిపోయింది.

"ఏమన్నారు మాస్టారూ?"

"థాంక్స్ అన్నాను. నేనీ ఇంట్లో దిగిన కొత్తలో, స్కూలుకి వెళ్లినప్పుడు ఈ దుబ్బు నాటి వెళ్లింది మీరేనటగా. ఇవాళే తెలిసింది. చూడండి, ఎంత బాగా చిగురించిందో!"

"మొక్కకి థాంక్స్ చెప్పారా? మీకేమైనా మతి పోయిందా?"

మా ఊరు డాబ్స్ క్రీక్‌లో మొక్క ఇస్తే ఎవరూ థాంక్స్ చెప్పరు. చెబితే అది నాటుకోదు. మరీ నోరు ఊరుకోకపోతే ఆకాశం వైపు చూసి "వాన వచ్చేలా ఉంది" అంటాం. ఇచ్చినవాళ్లకి అర్థమైపోతుంది. కొలంబస్ సిటీ నుంచి మా స్కూలుకి బ్యాండ్ మాస్టారుగా వచ్చిన కుర్రాడికి ఈ సంగతి ముందే చెప్పి ఉండాల్సింది. ఎవరికీ తోచలేదు.

డెల్సీ పరుగున వెళ్లి పారతో తిరిగొచ్చింది.

"ఏం చేస్తున్నారండీ?"

"కాపాడుతున్నాను. ఇది మా అమ్మమ్మ పెంచే తెల్ల ఫ్లాక్స్ పూలమొక్క. ఆవిడకి వాళ్లమ్మ ఇచ్చింది. మీరు ఆ మాట అన్నాక ఇంకిక్కడ బతకదు. మా నేలలోకి తీసుకెళ్తే బతుకుతుందేమో."

"మొక్కకి చెవులుంటాయా?"

"మీకు లేవని మాత్రం తెలుస్తోంది. మీ బ్యాండ్ విన్నాన్లెండి."

దుబ్బుని పెకలించి, మట్టితో సహా చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. కోల్బీ గొయ్యి పూడ్చి, గడ్డి గింజలు చల్లాడు. కోపం రావాల్సింది కదా, రాలేదు. డెల్సీ చెంపకి అంటిన మట్టి మరకే రోజంతా కళ్లముందు తిరిగింది.

ఆ వేసవంతా ఏదో ఒక వంకతో దారి దాటుతూనే ఉన్నాడు. డెల్సీ అమ్మమ్మ ఓపల్ గారి పూలవరుస వాగు ఒడ్డున కంచె పొడుగునా ఉండేది. ఆగస్టులో తెల్ల ఫ్లాక్స్ విరబూస్తే సాయంత్రాలు ఆ వాసనకి దారిన పోయేవాళ్లు నడక తగ్గించేవారు. వాడిన ప్రతి గుత్తినీ ఓపల్ గారు కత్తిరించేసేది.

"గింజ నేల రాలిందా, పిల్లమొక్కలు ముదురు గులాబీ రంగులో పుట్టి తల్లిని మింగేస్తాయి అబ్బాయ్," అంది కోల్బీ చేతికి కత్తెర ఇస్తూ. "ఊరందరికీ ఇచ్చాను. అందరూ బద్ధకిష్టులే. ఒక్కరి దగ్గరైనా తెలుపు మిగిలిందా?"

నిజమే. మా పెరట్లో కూడా మిగల్లేదు.

"మాస్టారు బాగానే కత్తిరిస్తున్నారే," అంది డెల్సీ.

"పాఠం చెప్పేవాళ్లు బాగుంటే నేర్చుకోనూ?"

"అమ్మమ్మని పొగిడితే మొక్కజొన్న రొట్టె దొరుకుతుందనా?"

"నేనన్నది అమ్మమ్మగారిని కాదు."

డెల్సీ చెవులు ఎర్రబడ్డాయి. ఇంతలో చినుకులు మొదలయ్యాయి కాబట్టి సరిపోయింది.

సెప్టెంబరు చివర్లో వాగు పొంగింది. ఇల్లు నిలిచింది, పూలవరుస పోయింది. కంచెతో సహా.

ఓపల్ గారు వసారాలో కూర్చుని ఆ బురదవైపే చూస్తూ ఉండేది. అన్నం సయించేది కాదు. ఊళ్లో చాన్నాళ్లు ఎవరూ వాన ఊసే ఎత్తలేదు.

కోల్బీ పార పట్టుకుని వచ్చాడు. ప్రతి శనివారమూ వచ్చాడు. చలికాలం పోయి వసంతం వచ్చినా బురద తీస్తూనే ఉన్నాడు. ఒకరోజు డెల్సీ అతని పక్కనే బోర్లించిన బకెట్ మీద కూలబడింది.

"మీ ఇల్లు మెట్ట మీద ఉంది. నీళ్లు అక్కడిదాకా రాలేదు. ఆ రోజు నేను తవ్వి తేకపోతే ఆ ఒక్క దుబ్బైనా బతికేది. నా నోరూ, నా తొందరా! అమ్మమ్మ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండు."

కోల్బీ పార కింద పెట్టాడు. పక్కనే కూర్చున్నాడు. ఆ సాయంత్రం ఇద్దరూ 'మీరు' మర్చిపోయారు.

శనివారాలన్నీ ఇక్కడే గడిపితే అతని వాకిట్లో గడ్డి కోసేదెవరు? జూన్‌లో గడ్డి మోకాళ్లదాకా వచ్చింది. దాని మధ్యలో, పూడ్చిన గొయ్యి ఉన్నచోట, ఎదురెదురు ఆకులతో సన్నటి కాడలు లేచాయి.

డెల్సీ వంగి చూసి, నేల మీదే కూర్చుండిపోయింది.

"నేను తవ్వినప్పుడు తెగిన వేళ్లు! లోపలే ఉండిపోయాయి."

"పోయినేడంతా గడ్డితోపాటు కోసేస్తూనే ఉన్నాను. చెప్పొద్దూ, కలుపనుకున్నాను."

"రంగు ఏదో?"

"ఇక్కడ ఒక్క పువ్వూ పూయలేదు, ఒక్క గింజా రాలలేదు. తెలుపే."

అయినా ఆగస్టుదాకా ఇద్దరికీ మనసు మనసులో లేదు. మొదటి మొగ్గ తెల్లగా విచ్చుకున్న పొద్దున డెల్సీ ఏడ్చింది, నవ్వింది, అతని భుజం మీద ఒక్కటిచ్చింది.

పూలు అయ్యాక, చల్లబడ్డ రోజుల్లో, సగం దుబ్బు విడదీసి ఓపల్ గారి దగ్గరికి పట్టుకెళ్లారు. ఆవిడ రెండు చేతులా అందుకుంది. పెదాలు కదిలాయి. ఆ మాట అనకూడదు కదా! తలెత్తి చూసింది. ఎక్కడా మబ్బు తునక లేదు.

"వాన వచ్చేలా ఉందిరా నాయనా," అంది, కళ్లు తుడుచుకుంటూ.

కోల్బీ గొంతు సర్దుకున్నాడు. "అమ్మమ్మగారూ, ఒక డౌటు. మొక్క ఇస్తే థాంక్స్ చెప్పకూడదు, సరే. పిల్లనిస్తే చెప్పొచ్చా?"

"చెప్పావంటే నాటుకోదు," అంది ఓపల్ గారు, వెంటనే.

కోల్బీ డెల్సీని చూశాడు. తర్వాత ఆ నీలాకాశాన్ని చూశాడు. "వాన వచ్చేలా ఉంది," అన్నాడు నెమ్మదిగా.

"ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ మీరే మాట్లాడేసుకుంటారా? నన్నడగరా?" అంటూ డెల్సీ పార అందుకుని గొయ్యి తీయడం మొదలుపెట్టింది.

"అడుగుతున్నాను. ఏమంటావు?"

ఆమె తలెత్తలేదు. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"వాన వస్తుందంటున్నావుగా. గొడుగు తెచ్చుకో. ఇద్దరికి సరిపడేది."