అరంగుళం పగ

ఆ వీధికి తెల్లవారడమంటే టేపక్క కొట్టు షట్టరు లేచిన చప్పుడే. పాతికేళ్ళకు పైగా అదే లెక్క. ఇంటి ముందుగదే కుట్టుకొట్టు. ఆరు కాగానే షట్టరెత్తి, మిషన్ మీద కప్పిన గుడ్డ తీసి, మెడలో టేపు వేసుకునేది. ఆవిడ అసలు పేరేమిటో వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడు ఏడు వారాలుగా షట్టరు లేవడం లేదు. అరిగిపోయిన తుంటి కీలు తీసేసి కొత్తది వేశారు. టేపు మాత్రం మెడలోనే ఉంది. ఆస్పత్రి మంచం మీద కూడా అది తియ్యనని పట్టుబట్టి, నర్సులతో పెద్ద గొడవే పెట్టుకుంది.

ఆ రోజు పొద్దున కూడా రెండు దిళ్ళేసి ఎత్తు చేసిన కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపింది. ఎదురుగా తోడికోడలు మోకాళ్ళ మీద కూర్చుని చెప్పులు తొడుగుతోంది. వెనక పట్టీ ఉన్న గుడ్డ చెప్పులు. టేపక్క వంగకూడదు. కాలు మీద కాలు వేసుకోకూడదు. తక్కువ ఎత్తులో కూర్చోకూడదు. పడుకుంటే కాళ్ళ మధ్య దిండుండాలి. ఇన్ని కూడదుల మధ్య బతుకుతున్న మనిషికి ఎవరూ కూడదనని పని ఒక్కటే మిగిలింది. అది పగ.

తోడికోడలు సిటీబస్సు కండక్టరు. డిపోలో ఆవిణ్ణి ఇస్త్రీ మేడమ్ అంటారు. ప్యాంటు గీత చూసి, ముట్టుకుంటే వేలు తెగుతుందేమో అని నవ్వుకునేవారు. అలాంటి మనిషి ప్యాంటు ఎడమకాలు ఇప్పుడు కుడికాలి కన్నా అరంగుళం పైకుంది. లేచి నిలబడ్డప్పుడల్లా ఎడం చేత్తో దాన్ని కిందికి లాక్కుంటోంది. అది చూసినప్పుడల్లా టేపక్క కడుపు చల్లబడేది. నా కాలు అరంగుళం పొడుగు చేశావు, నీ కాలు అరంగుళం కురచ చేశాను, చెల్లుకు చెల్లు అనుకునేది.

అసలు ఆపరేషన్ వద్దు మొర్రో అంది టేపక్క. అయిదేళ్ళు కుంటుతూనే నెట్టుకొచ్చింది. వెంటపడింది కండక్టరే. ఆరు వారాల్లో పరుగెడతావక్కా అని నమ్మబలికి, సెలవు పెట్టి దగ్గరుండి చేయించింది. తీరా లేచి నిలబడితే కొత్త కీలు పడ్డ కాలు పొడుగ్గా ఉంది. డాక్టరు ఎక్స్‌రే చూపించి రెండూ సమానమే అన్నాడు. అయిదేళ్ళ కుంటుడికి నడుము ఒక పక్కకి ఒరిగి బిగిసిపోయిందనీ, వ్యాయామం చేస్తే మూడు నెలల్లో దానంతటదే సర్దుకుంటుందనీ, ఓపిక పట్టమనీ చెప్పాడు. ఓపిక అనే మాట చెప్పేవాళ్ళకి నోటి పని, పట్టేవాళ్ళకి ఒళ్ళంతా పని.

టేపక్క నమ్మలేదు. కొలతల దగ్గర డాక్టరేమిటి, దేవుడొచ్చి చెప్పినా నమ్మే మనిషి కాదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు బీరువా అద్దం ముందు నిలబడి, లంగా నడుం పట్టీ దగ్గర టేపు పట్టుకుని, రేకు ఉన్న కొస నేల దాకా వదిలింది. ఒకసారి ఇటు, ఒకసారి అటు. అరంగుళం తేడా. ఇంకేం కావాలి?

ఆ రోజు నుంచీ చూడ్డానికొచ్చిన ప్రతి మనిషికీ నన్ను కుంటిదాన్ని చేసింది మా తోడికోడలే అని చెప్పింది. డిపో నుంచి పళ్ళు తీసుకొచ్చిన ఆడవాళ్ళకీ చెప్పింది. కండక్టరు అప్పుడు వాళ్ళకి టీ కప్పులు అందిస్తోంది.

మూడో వారంలో టేపక్క తన కాలికి తనే వైద్యం చేసుకుంది. మందపు గుడ్డ ముక్కలు పొరలు పొరలుగా పేర్చి, పైనా కిందా కాలరుకు వేసే కాన్వాసు పెట్టి, పాదం ఆకారంలో కుట్టింది. దాన్ని మంచి కాలి చెప్పులో అడుగున దూర్చింది. లేచి నిలబడితే రెండు కాళ్ళూ సమానం. డాక్టర్లకి చేతకాని పని గుడ్డపీలికతో అయిపోయిందని మురిసిపోయింది. సరిగ్గా అప్పుడే కండక్టరు తన రెండు ప్యాంట్లు తెచ్చి ఒడిలో పెట్టింది. అంచులు ఊడాయక్కా, కూర్చుని కుట్టొచ్చు కదా, నీకూ పొద్దుపోతుంది అంది. కత్తి తెచ్చి చేతికిచ్చినట్టయింది.

తోడికోడలు తొడ కోసుకుందని పెద్దకోడలు మెడ కోసుకుందని సామెత. ఈ ఇంట్లో తొడ కోయించుకున్నది పెద్దకోడలే. మెడ ఎవరిదన్నది ఇంకా తేలలేదు.

ఆ పొద్దున వ్యాయామాలు చేయించే అమ్మాయి ఎప్పటికంటే ముందే వచ్చింది. వారానికోసారి పదకొండుకి వచ్చి, మంచం మీదే కాళ్ళు లేపించి దింపించి, వట్టికాళ్ళతో గదిలో నాలుగడుగులు వేయించి వెళ్ళేది. ఇవాళ చేతికర్రతో వీధిలో నడిపిస్తానంది. టేపక్క ముఖం వెలిగిపోయింది. స్కూలు హెడ్మాస్టరమ్మ నిన్ననే ఫోన్ చేసింది. నెల్లాళ్ళలో బడి తెరుస్తారు, యూనిఫారాలు మీరే కుడతారా, వేరేవాళ్ళకి ఇవ్వమంటారా అని అడిగింది. పద్దెనిమిదేళ్ళుగా ఆ బడి పిల్లలందరివీ టేపక్క కత్తెర నుంచే వెళ్తున్నాయి. కత్తిరింపు బల్ల దగ్గర రోజంతా నిలబడాలి. నిలబడతాను, ఎవరికీ ఇవ్వకండి అని గట్టిగా చెప్పింది.

గుమ్మం దాకా నాలుగడుగులు బాగానే పడ్డాయి. ఆ అమ్మాయి కనుబొమలు ముడిపడ్డాయి. చెప్పులు విప్పి నడవమంది. విప్పితే నడుము ఒక పక్కకి ఒరిగిపోయింది, మొదటి రోజు ఎలా ఉందో అలాగే. మళ్ళీ తొడుక్కోమంది. మళ్ళీ సమానం. ఆ అమ్మాయి వంగి ఎడమ చెప్పు చేతిలోకి తీసుకుంది. కుడి చెప్పు కూడా తీసి రెండూ అటూ ఇటూ తూచి, ఎడమ దానిలో వేళ్ళు పెట్టింది. కాన్వాసు మెత్త బయటికొచ్చింది.

"ఇదెవరు పెట్టారమ్మా?"

"నేనే. మీ డాక్టరు చెయ్యలేనిది నేను చేశాను" అంది టేపక్క.

ఆ అమ్మాయి తిట్టలేదు. మంచం మీద పడుకోమంది. మెడలోని టేపు తీసుకుని, నడుం పట్టీ దగ్గర కాకుండా తుంటి ముందు పొడుచుకొచ్చిన ఎముక మీద వేలుంచి, అక్కడి నుంచి చీలమండ దాకా కొలిచింది. ఒక కాలు, తర్వాత రెండోది. అంకెలు టేపక్కకే చూపించింది. వెంట్రుకవాసి తేడా లేదు.

"మీ టేపు తప్పు చెప్పలేదు. మీరు ప్యాంటు కొలిచినట్టు నడుం నుంచి కొలిచారు. ఆ నడుమే ఒరిగి ఉంది. అది దిగాలంటే బిగుసుకున్న కండ వదలాలి. దీనితో మీరు దానికి మెట్టు కట్టి కూర్చోబెట్టారు. ఇక అదెందుకు వదులుతుంది?"

టేపక్క టేపు తీసుకుని మళ్ళీ మెడలో వేసుకుంది. నలభై ఏళ్ళ కొలతలో మొదటిసారి టేపు ఎక్కడ పెట్టాలో తప్పింది, అదీ తన సొంత ఒంటి మీద. నెల్లాళ్ళలో నిలబడగలనా అని చివరికి అడిగింది. ఈ నెల పోయినట్టేననీ, ఇప్పటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాలనీ, ఇంకో మూడు నెలలు బల్ల దగ్గర నిలబడే ఆలోచన పెట్టుకోవద్దనీ ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. అప్పుడు కండక్టరు వైపు తిరిగింది.

"రోజూ చెప్పులు తొడిగేది మీరే కదా. ఒక్కసారి కూడా కనబడలేదా?"

వాకిట్లో పేపరు చదువుతున్న మరిది, కండక్టరు మొగుడు, ఇంకో పేజీ తిప్పాడు. ఆ ఇంట్లో ఎప్పుడు మబ్బు పట్టినా ఆయనకి పేపర్లో ఏదో ఒకటి ముఖ్యమైంది దొరుకుతుంది. కండక్టరు ఎడమ చెయ్యి ప్యాంటు అంచు మీదికి వెళ్ళింది.

"కనబడింది" అంది.

ఆ అమ్మాయి ఇద్దరి ముఖాలూ చూసి సంచి సర్దుకుంది. వచ్చే వారం వస్తానని చెప్పి వెళ్ళిపోయింది. టేపక్క మంచం పట్టెలు పట్టుకుని లేచి కూర్చుంది.

"ఎప్పుడు చూశావు?"

"నాలుగో వారంలో. డిపోలో లైనులో నిలబెట్టి మా అధికారి అడిగాడు, నీకో కాలు కురచా అని. అందరూ నవ్వారు. ఇంటికొచ్చి రెండు అంచులూ పక్కపక్కన పెట్టి చూశాను. నీ చెయ్యి తప్పదు కదక్కా, కావాలని చేస్తే తప్ప. మర్నాడు చెప్పు తొడుగుతుంటే వేలికి ఇది తగిలింది. బయటికి తీశాను కూడా."

"తీసి?"

"మళ్ళీ లోపల పెట్టాను. చెడిపోతే చెడిపోనీ, నన్నంత మాటంది కదా అనుకున్నాను. రోజూ నా చేత్తోనే తొడిగాను. కోపం చల్లారిపోతుందేమోనని ఈ ప్యాంటు సరిచేయించకుండా ఇలాగే వేసుకున్నాను. దీన్ని చూసుకుంటే మళ్ళీ రగిలేది."

చెంప పగలగొట్టాలనిపించింది టేపక్కకి. చెయ్యి లేచింది కూడా. కానీ మూడు వారాలు పొద్దున్నే తన ముందు మోకాళ్ళ మీద కూర్చున్న ఈ మనిషి తల వంచుకుని ఏం ఆలోచించిందో ఇప్పుడు తెలిసింది. పైనుంచి ఆ ప్యాంటు చూస్తూ తను ఏం ఆలోచించిందో అంతకన్నా బాగా తెలుసు. ఇద్దరూ ఒకే గుడ్డ లోంచి కత్తిరించినవాళ్ళు. లేచిన చెయ్యి ఒళ్ళో పడింది.

టేపక్క ఫోన్ తీసుకుని హెడ్మాస్టరమ్మకి చేసింది. ఈ ఏడాది నా వల్ల కాదు, వేరేవాళ్ళకి ఇచ్చేయండి, కత్తిరించేటప్పుడు చంకల దగ్గర వదులు ఉంచమనండి, పిల్లలు బంతాట ఆడతారు అని చెప్పింది. ఫోన్ పెట్టేసి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆ ప్యాంటు మార్చుకుని ఇలా ఇవ్వు. రెండోది కూడా తే" అంది.

కండక్టరు చీర కట్టుకుని వచ్చి ప్యాంట్లు ఇచ్చింది. ఇప్పుడేం చేస్తావక్కా, కోసేశాక గుడ్డ ఎక్కణ్ణించి వస్తుంది, కొత్తవి తీసుకుంటాలే అంది. టేపక్క బ్లేడు మొనతో అంచు కుట్లు ఒక్కొక్కటే తెంపింది. అంచు లోపల ఒక మడత, దాని లోపల ఇంకో మడత. వేలితో లాగితే గుడ్డ పూర్తిగా కిందికి జారింది.

"కొయ్యలేదు" అంది టేపక్క. "మడిచాను అంతే. ఎంత కోపమొచ్చినా కత్తెర మాత్రం పెట్టబుద్ధి కాలేదు. ఎప్పుడో విప్పాల్సి వస్తుందేమో అనిపించింది."

అది విని కండక్టరు నేల మీద కూలబడింది. మంచం పక్కనున్న కుర్చీ దిళ్ళ మీద తల పెట్టి భోరుమంది. ఆస్పత్రిలో కూడా ఏడవని మనిషి.

"నువ్వు విప్పేలా చేశావు. నేను నీ నెల తినేశాను. దాన్నెలా విప్పనక్కా?"

నేల మీదికి వంగి లేవదీద్దామంటే టేపక్క వంగకూడదు. అందుకని కూర్చున్న చోటు నుంచే చెయ్యి చాపి, అందినంత మేర తల మీద పెట్టింది.

"నేను పెట్టుకున్నదే కదా, నువ్వు తియ్యలేదు అంతే. లే. ముందు ఆ చెప్పులు తొడుగు, లోపలేమీ లేకుండా."

తొడిగింది. టేపక్క కర్ర పట్టుకుని నిలబడింది. మళ్ళీ ఒరిగింది. కండక్టరు పక్కనే నిలబడి, బస్సు కదిలేటప్పుడు ముసలివాళ్ళని పట్టుకున్నట్టు మోచెయ్యి పట్టుకుంది. మంచం నుంచి కత్తిరింపు బల్ల దాకా పదకొండు అడుగులు. ఒక్కొక్కటీ నొప్పే. బల్ల దగ్గరికి వెళ్ళాక కండక్టరు షట్టరు సగం ఎత్తింది, వెలుగు కోసం.

ఎత్తు కుర్చీ తెచ్చి వేస్తే కూర్చుని, టేపక్క రెండు ప్యాంట్లకీ అంచులు మళ్ళీ కుట్టింది. రెండు కాళ్ళూ ఆనించి చూసింది. సమానం. ఇస్త్రీ పెట్టినా పాత మడత పడ్డచోట సన్నటి గీత మాత్రం మిగిలింది. కండక్టరు దాని మీద వేలుతో రాసి, ఇది పోతుందా అని అడిగింది.

"పోతుంది. నాలుగు ఉతుకులు పడాలి" అంది టేపక్క, దారం కొరుకుతూ. "అందాకా ఓపిక పట్టు."